ఇటుకల మీద కారు

తాడేపల్లిగూడెం,
మార్చి 2, సోమవారం

నాన్నగారికి,

నమస్కారం చివర్లో చేస్తాను. ముందు నా ఆక్షేపణ వినండి.

పొద్దున్న అమ్మ ఫోన్ చేసి, తిన్నావా, నిద్రపోయావా అన్న రెండు ప్రశ్నల మధ్య ఏమీ కానట్టు ఒక వార్త చెప్పింది. కారు ముందు భాగంలోంచి కరకరమని చప్పుడొస్తోందట. మీరు దాన్ని షెడ్డుకి పంపకుండా మన పెరట్లోనే పైకి లేపి, కింద పడుకుని, డ్రైవ్‌షాఫ్ట్ మీ చేతులతో మీరే విప్పుతున్నారట. ఫోన్ మీకివ్వమంటే ఇవ్వలేదు. రిపబ్లిక్ డే నాడు మనిద్దరం నలభై నిమిషాలు అరుచుకున్నాక ఆవిడ వేసిన శిక్ష ఇంకా అమల్లోనే ఉంది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకోకూడదు, రాసుకోవాలి. కాగితం మీదైతే ఒకరి వాక్యం పూర్తయ్యేదాకా రెండోవారు ఆగక తప్పదని ఆవిడ సిద్ధాంతం. అందుకే మీ ఉత్తరం నా కూర క్యారేజీ అడుగు గిన్నెలో రావడం, నా జవాబు ఖాళీ గిన్నెలో పోవడం. రోజూ ఏలూరు నుంచి ప్యాసింజరులో వచ్చిపోయే మా కాలేజీ ఆఫీసు ప్రసాదరావు గారే మన తపాలా శాఖ.

ఇక విషయానికి. మీరు కొల్లేరు లంకలోని బడిలో భౌతికశాస్త్రం చెబుతారు. నేను మెకానికల్ రెండో సంవత్సరం. మనిద్దరిలో ఎవరమూ మెకానిక్‌లం కాము. నల్లబల్ల మీద బలం, భారం అని రెండు బాణాలు గియ్యడం వేరు, వెయ్యి కిలోల ఇనుము కింద వెల్లకిలా పడుకోవడం వేరు. అందులోనూ మీరు కిందటి వేసవిలో బడి మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిన మనిషి. ఆ సంగతి అమ్మకి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు కనుక, ఆ వాదనని ఆవిడ ముందు వాడలేకపోతున్నాను. మీ ముందు వాడతాను.

చప్పుడుకి కారణం మాత్రం నాకు తెలుసు. రెండేళ్ళ కిందటి వరదలో, కొల్లేరు రోడ్డు మీద నీళ్ళు పారుతున్నా బడి మానకుండా కారు నడిపారు. ఆ నీళ్ళే బేరింగ్‌లోకి చేరాయి. మీ మొండితనం అక్కడ తుప్పుగా మారింది. ఇప్పుడు ఆ తుప్పుని మరో మొండితనంతో వదిలిస్తానంటున్నారు.

ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు రాయండి. కారుని దేని మీద నిలబెట్టారు?

మీ కుమార్తె,
హరిప్రియ

తా.క.: నమస్కారం.


ఏలూరు,
మార్చి 3, మంగళవారం

అమ్మా ప్రియా,

నీ నమస్కారం తాజాకలంలో అందింది. ఆశీస్సులు మాత్రం నేను పైనే పెడుతున్నాను, పెద్దవాణ్ణి కనుక.

నేనేమీ సరదాకి కారు కిందికి వెళ్ళలేదు తల్లీ. పదహారో తారీకు నుంచి పదో తరగతి పరీక్షలు. మా లంక నుంచి ఐదుగురు ఆడపిల్లలు రాస్తున్నారు. కేంద్రం పదమూడు కిలోమీటర్లు. ఆ వేళకి బస్సు లేదు. కిందటేటి పిల్లలు ఆటో మాట్లాడుకున్నారు. లెక్కల పరీక్ష నాడు ఆటో రాలేదు. ఈ ఐదుగురిలో ఒకతైన సారమ్మ వాళ్ళ అక్క గట్టు మీద హాల్ టికెట్ పట్టుకుని పదింటిదాకా నిలబడిందట. ఇప్పుడా పిల్ల చేపల చెరువు దగ్గర మేత బస్తాలు మోస్తోంది. ఈ ఏడు సారమ్మ రాస్తోంది. ఐదుగుర్నీ నా కారులో నేనే దింపుతానని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మాటిచ్చి వచ్చాను.

ఇప్పుడు రోగం సంగతి. ఇంజను నుంచి కుడి ముందు చక్రానికి వెళ్ళే షాఫ్ట్ పొడుగు కనుక, మధ్యలో ఒక బ్రాకెట్ ఉంటుంది. దాని ఉంగరంలో బేరింగ్ కూర్చుని షాఫ్ట్‌ని మోస్తుంది. ఆ బేరింగ్ పట్టేసింది. తిరగదు, ఉంగరంలోంచి ఊడిరాదు. పేతురు వచ్చి చూశాడు. వీధి చివర షెడ్డు పేతురే, నీ చిన్నప్పుడు సైకిల్ బాగుచేసినవాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. "గ్యాస్ కట్టర్‌తో కోసేద్దామండీ మేష్టారూ. కానీ బ్రాకెట్ కూడా పోద్ది. ఈ మోడల్‌కి అది మళ్ళీ దొరకదండి. బండి తుక్కే" అన్నాడు. అందుకని నేనే నిదానంగా వదిలిద్దామనుకున్నాను. పూటపూటకీ తుప్పు వదిలించే నూనె పట్టించడం, కాస్త వేడి చెయ్యడం, చుట్టూ సుత్తితో తట్టడం. ఇందులో వీరత్వం ఏమీ లేదు. ఓపిక కావాలి. ముప్పై ఏళ్ళుగా తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నవాడికి అది ఉంటుంది.

నీ ప్రశ్నకి జవాబు. జాకీ మీద నమ్మకం లేక, ప్రహరీ కట్టగా మిగిలిన సిమెంటు ఇటుకలు పేర్చి వాటి మీదికి దించాను. బండిని మోసే పేతురు ఇనుప స్టాండ్లు వేరే బండి కింద ఉన్నాయి. ఖాళీ అయ్యాక ఇస్తానన్నాడు.

ఒక్కటే నాకు అంతుపట్టడం లేదు. నువ్వు వరద నీళ్ళంటున్నావు. వరద నీళ్ళయితే అడుగంతా తుప్పు పట్టాలి కదా. పక్కనున్న బోల్టులు నిన్న బిగించినట్టున్నాయి. ఆ ఒక్క బ్రాకెట్ మాత్రం సముద్రంలోంచి తీసినట్టుంది. ఎందుకో తేల్చుకోకుండా వదలను.

పచ్చడి సీసా మూత గట్టిగా బిగించమని మీ అమ్మ చెప్పమంది.

నాన్న


తాడేపల్లిగూడెం,
మార్చి 3, మంగళవారం, మధ్యాహ్నం

నాన్నగారికి,

మీ ఉత్తరంలో నేను చదివిన వాక్యం ఒక్కటే. "సిమెంటు ఇటుకలు పేర్చి వాటి మీదికి దించాను." దాన్ని క్లాసులో నాలుగుసార్లు చదివాను. లెక్చరరు లేచి నిలబడమన్నారు. నిలబడి ఐదోసారి చదివాను.

ఆ ఇటుకలు లోపల బోలువి. గోడలో వాటి మీద బరువు సమంగా పరుచుకుంటుంది, అందుకని నిలబడతాయి. కారు అంచు అరచేతి వెడల్పు కూడా లేని ఇనుప పట్టీ. బరువంతా దాని కింద ఒక గీతలా పడుతుంది. మీరు పక్కనే సుత్తితో కొడుతుంటారు. ప్రతి దెబ్బా ఇటుకకి అందుతుంది. చెక్క విరిగే ముందు వంగుతుంది, ఇనుము వంగుతుంది, సిమెంటు ఇటుక వంగదు. నిలబడినంతసేపూ నిలబడి ఒక్కసారిగా పిండి అవుతుంది. పక్కకి జరగడానికి అది మీకు సమయం ఇవ్వదు. ఈ మాట మీ విద్యార్థి ఎవరైనా పరీక్షలో తప్పు రాస్తే మీరు సున్నా వేస్తారు.

కాబట్టి ఇది సలహా కాదు, షరతు. డిక్కీలోంచి స్టెప్నీ తీసి, మీరు పడుకునే వైపు కారు అంచు కిందికి పడుకోబెట్టి తోయండి. దాని మీద పశువుల పాక పడగొట్టినప్పటి తాటి మొద్దు ముక్క పెట్టండి. ఇటుక పోయినా కారు దాని మీద ఆగాలి. పెట్టానని చేత్తో రాసి పంపేదాకా కిందికి వెళ్ళకూడదు.

ఇంకొకటి. తుప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్న పరిశోధన మానేయండి. కారణం తేలినంత మాత్రాన బోల్టు పావు చుట్టు కూడా తిరగదు. అసలు కోసేయమని పేతురు గారికి చెప్పండి. బండి తుక్కయితే అవనివ్వండి. పిల్లలకి ఆటో మాట్లాడండి.

ఈ ఉత్తరం కటువుగా ఉందని నాకు తెలుసు. మెత్తగా రాసేంత తీరిక నాకిప్పుడు లేదు.

హరిప్రియ


తాడేపల్లిగూడెం,
మార్చి 5, గురువారం

నాన్నగారికి,

నిన్న క్యారేజీలో ఉత్తరం లేదు. ఇవాళా లేదు. నిన్న పప్పులో ఉప్పు లేదు. ఇవాళ పప్పులోనూ లేదు, బెండకాయ వేపుడులోనూ లేదు, చారులోనూ లేదు. అమ్మ వంటలో ఒకసారి ఉప్పు తగ్గితే మరుపు. మూడు గిన్నెల్లోనూ లేకపోతే అది ప్రకటన.

ఫోన్ చేస్తే తిన్నావా అని అడిగి పెట్టేసింది. ఇంట్లో ఏం జరిగింది? స్టెప్నీ పెట్టారా? ఒక్క మాట రాయండి.

హరిప్రియ


ఏలూరు,
మార్చి 6, శుక్రవారం

చి. హరిప్రియకు,

రెండు రోజులు రాయలేదు. రాస్తే ఏమి రాస్తానో అని ఆగాను.

నీ మూడో తారీకు ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఇటుకల పాఠం కాదు. అది సరైనదే. "పిల్లలకి ఆటో మాట్లాడండి" అన్నావు. రాని ఆటో కథ నీకు రాసిన రోజే ఆ మాట రాశావు. వేదిక మీద నువ్వు సమానత్వం గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సారమ్మ పరీక్ష నీ వాదనలో ఒక అడ్డంకిగా మిగిలిపోవడం నాకు నచ్చలేదు. కారణం వెతకొద్దని కూడా అన్నావు. కారణం అడగకుండా దేన్నీ ఒప్పుకోవద్దని నీకు చెప్పింది నేను. నువ్వు నాకు వెతకొద్దని చెప్పడమేమిటో తెలియలేదు.

వెతికాను. బ్రాకెట్ ఉంగరం వెనక తెల్లటి పొక్కు ఒకటి గట్టిపడి ఉంది. గోకి కాగితంలో పొట్లం కట్టి బడికి తీసుకెళ్ళాను. నీళ్ళలో కలిపి ల్యాబులో వెండి నైట్రేట్ రెండు చుక్కలు వేశాను. పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. తొమ్మిదో తరగతి మొత్తం చూసింది. ఉప్పు. మన వంటింటి రాళ్ళ ఉప్పు.

కారు కింద ఉప్పు ఎందుకుంటుంది? మా అమ్మ అమావాస్య అమావాస్యకీ ఉప్పు దిష్టి తీసేది, నీకు తెలుసు. ఆండాళ్ళమ్మ గారి ఉప్పంటే ఈ వీధంతా తెలుసు. బండికి మూట కట్టిస్తానని నా వెంటపడితే నేను ఒప్పుకోలేదు. ఆవిడ మోకాళ్ళు వంగేవి కావు. కారు కింద చెయ్యి పెట్టగలిగేది కాదు. పోయి కూడా ఏడాది దాటింది. మరి ఇంట్లో ఇంకెవరున్నారు? నేను కాదు. నువ్వు కాదు, ఆ మూఢత్వం మీద నీ అంత కత్తి దూసినవాళ్ళు జిల్లాలో లేరు. మిగిలింది మీ అమ్మ. అత్తగారి మాట తీసెయ్యలేక నా వెనక ఈ పని చేసిందనుకుని అడిగాను. కాస్త గట్టిగానే అడిగాను. నీ ఉప్పు వల్లే షాఫ్ట్ పట్టేసిందన్నాను.

మీ అమ్మ ఒక్కటే అంది. "ఉప్పు నేనే వాడతానుగా ఏవండీ ఇంట్లో. సరే, ఇక వాడను." ఆ రోజు నుంచీ వాడటం లేదు. నీ దాకా వచ్చిందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

నిన్న సుత్తి దెబ్బకి ముందు వైపు ఇటుక మీద వెంట్రుకంత గీత పడింది. మీ అమ్మకి చెప్పలేదు. నీకెందుకు చెబుతున్నానో తెలియదు.

నీ స్టెప్నీ పెట్టాను. మొద్దు కూడా పెట్టాను. అవసరమని కాదు, నీ నోరు పడలేక. అక్కడ అడ్డంగా ఉండి మోచెయ్యి ఆడనివ్వడం లేదు.

నాన్న


తాడేపల్లిగూడెం,
మార్చి 9, సోమవారం

నాన్నగారికి,

శుక్రవారం మీ ఉత్తరం చదివాక ఖాళీ క్యారేజీ ఖాళీగానే పంపాను. శనివారం కూడా అంతే. నిన్న ఆదివారం, తపాలా లేదు. 

ఇవాళ పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు ముందు నిలబడి ఉంటే ప్రసాదరావు గారు ఉత్త చేతులతో వచ్చారు. "ఇంటికి తాళం వేసుందమ్మా. రెండుసార్లు పిలిచానండి, ఎవరూ పలకలేదు. పెరటి వైపు గేటు మాత్రం తీసే ఉంది" అన్నారు. నన్నెప్పుడూ అండీ అనరు. నా ముఖం చూసి అన్నారనుకుంటాను.

అమ్మకి పదకొండుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోతోంది. మీది స్విచాఫ్. పది గంటలకి ల్యాబ్ పరీక్ష. లోపలికి వెళ్ళలేదు. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మోకాలి మీద కాగితం నిలవడం లేదు, అక్షరాలు సరిగ్గా ఉండవు, చదువుకోండి.

ఉప్పు కట్టింది నేను.

వరద ఏడు, భాద్రపదంలో, నేను కాలేజీలో చేరిన కొత్తలో శనివారం ఇంటికి వచ్చాను. ఆ మధ్యాహ్నం మీ కారు కొల్లేరు రోడ్డు మీద నీళ్ళ మధ్య ఆగిపోయింది. ట్రాక్టరు వచ్చేదాకా కారు పైకెక్కి కూర్చున్నారట. ఆ సంగతి మాకు పొద్దు గుంకే వేళకి తెలిసింది. అప్పటిదాకా అమ్మ గేటు దగ్గర, నేను లోపలికీ బయటికీ తిరుగుతూ ఉన్నాం. మామ్మ మాత్రం మంచం మీద కూర్చుని గుడ్డలో ఉప్పు మూట కడుతోంది. మర్నాడు నన్ను పిలిచి, "నేను వంగలేనే, నువ్వు కట్టు" అంది. గంటసేపు వాదించాను. దిష్టికీ ఇంజనుకీ సంబంధం ఏమిటన్నాను. ఆవిడ అంతా విని, "అయితే సంబంధం లేకుండానే కట్టవే" అంది. మూట తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాను.

చక్రాన్ని పూర్తిగా తిప్పితే వెనక చెయ్యి దూరేంత సందు ఉంది. లోపల చేతికి మొదట తగిలింది ఆ బ్రాకెట్. దాని ఉంగరానికి కట్టాను. గుడ్డకి ముడి నిలవకపోతే చేతికందిన రిబ్బనుతో బిగించాను. అది ఇంటర్‌లో 'శాస్త్రీయ దృక్పథం' మీద వక్తృత్వ పోటీలో నాకిచ్చిన పతకం రిబ్బను. ఇంకేదీ దొరకలేదా అని మీరడుగుతారు. దొరికేది. వెతకలేదు.

మామ్మ పోయాక ఎవరూ కట్టమనలేదు. అయినా కట్టాను. ఇంటికొచ్చినప్పుడల్లా, మీరు స్నానానికి వెళ్ళాక, పాత మూట తీసి కొత్తది. కరిగిన ఉప్పు నీరు ఎక్కడికి కారుతుందో మెకానికల్ చదివే నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చివరిసారి కట్టింది దీపావళి అమావాస్య నాడు. ఆ తరవాత వచ్చిన సెలవుల్లో చూస్తే మూట లేదు. ఊడి పడిపోయిందనుకున్నాను. మీకు ఏమీ కాలేదు కనుక, అది పనిచేస్తోందని కాదు గానీ, మానేస్తే ఏమవుతుందో చూసే ధైర్యం నాకు లేకపోయింది. వేదిక దిగాక నేను ఇంత.

కారణం వెతకొద్దని మీకు అందుకే రాశాను. ఆటో మాట్లాడమన్నది కూడా అందుకే. సారమ్మ నాకు అడ్డంకి కాదు నాన్నగారూ. మీరు ఆ బ్రాకెట్ వైపు చూడకుండా ఉంటే చాలని, ఆ కారే లేకుండా పోతే చాలని రాశాను. నా బదులు అమ్మ మాట పడుతుంటే మూడు రోజులు ఊరుకున్నాను. ఉప్పు లేని అన్నం తిని ఊరుకున్నాను.

మిమ్మల్ని ఆ కారు కిందికి పంపింది నేను. ఇప్పుడు ఇంటికి తాళం వేసుంది.

పన్నెండున్నర. అమ్మ ఫోన్ ఎత్తింది. "నాన్నగారు పడుకున్నారే, బానే ఉన్నారు" అంది. సోమవారం ఈ వేళకి బడిలో ఉండాల్సిన మనిషి ఎందుకు పడుకున్నారో చెప్పలేదు. అడిగితే, సాయంత్రం చెబుతాను, పరీక్ష రాసుకో అంది. పరీక్ష అయిపోయింది. నేను లేకుండా.

ఈ ఉత్తరం చింపేద్దామని ఒక క్షణం అనుకున్నాను. చింపడం లేదు.

హరిప్రియ


ఏలూరు,
మార్చి 10, మంగళవారం

నా తల్లీ,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు బాగోలేదని నీకు అనుమానం రాకుండా ముందే చెబుతున్నాను. కుడి మణికట్టుకి ఏడు కుట్లు. ఎముక విరగలేదు. ఇంకెక్కడా ఏమీ లేదు. మీ అమ్మ పక్కనే నిలబడి, "అంతా రాయండి, దాచకండి" అంటోంది. అందుకని అంతా రాస్తాను.

నిన్న ఉదయం ఆరున్నరకి కిందికి వెళ్ళాను. పేతురు స్టాండ్లు ఖాళీ అయ్యాయనీ, పది గంటలకి తెస్తాననీ ముందురోజే చెప్పాడు. ఆగి ఉండాల్సింది. బడికి ముందు గంటసేపు పని జరుగుతుందని ఆగలేదు. నాలుగో దెబ్బకి బేరింగ్ కదిలింది. వేలి గోరంత బయటికి వచ్చింది. పది రోజులుగా కదలనిది కదిలేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. ఉంగరం వెనక ఏదో నల్లటి పీలిక ఇరుక్కుని ఉంటే, అదే అడ్డమేమో అని లాగాను. వచ్చింది. ఏమిటో చూడకుండానే పిడికిట్లో పెట్టుకుని ఇంకో దెబ్బ వేశాను.

ఇటుక నువ్వు రాసినట్టే పోయింది. వంగలేదు, హెచ్చరించలేదు. పిండి అయింది. చప్పుడు కూడా పెద్దగా లేదు, బస్తా దించినట్టు. ఆ తరవాత కారు దిగింది. దిగుతుంటే చూశాను ప్రియా. చూడటానికి తగినంత సేపు పట్టింది, కదలడానికి ఆ సేపు చాలలేదు. నా ఛాతీకి జానెడు ఎత్తున ఆగింది. స్టెప్నీ రబ్బరు ఒకసారి మూలిగింది. మొద్దు చిట్లింది గానీ నిలబడింది. చక్రం వెనక రేకు మణికట్టుని కోసింది.

మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఏవండీ, ఏవండీ, అని పిలుస్తోంది. నాకు వినిపిస్తోంది. నొప్పి అంతగా తెలియడం లేదు. ఊపిరి ఆడుతోంది. కానీ పలకలేకపోయాను. పలికితే ఆ గాలికి కూడా కారు కదులుతుందేమో అనిపించింది. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాడికి కలిగిన ఆలోచన అది. నా కాళ్ళు పట్టుకుని మీ అమ్మే బయటికి లాగింది. పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి వెళ్ళాం. వీధి తలుపుకి తాళం వేసింది, పెరటి గేటు సంగతి మరిచిపోయింది. ఫోన్ వంటింట్లోనే ఉండిపోయింది. నాది కారు కింద ఉండిపోయింది.

కట్టు కట్టేటప్పుడు నర్సు నా పిడికిలి విప్పమంది. విప్పలేకపోయాను. ఒక్కో వేలూ ఆవిడే తీసింది. లోపలున్న పీలికని మీ అమ్మ కుళాయి కింద కడిగింది. పైన మసి పోయాక నీలం, పసుపు చారలు బయటపడ్డాయి. మీ అమ్మ దాన్ని వేళ్ళ మధ్య సాగదీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ రోజు స్టేజి దిగి వచ్చాక పతకం తిరగబడి ఉంటే, దాన్ని సరిచేసి నీ మెడలో వేసింది తనే కదా. చివరికి, "అయితే నేను కాదన్నమాట" అంది. ఆసుపత్రిలో, కుట్లు వేస్తుండగా, మీ అమ్మని క్షమాపణ అడిగాను. తరవాత చూద్దామంది.

సాయంత్రం నీ ఉత్తరం వచ్చేటప్పటికి రిబ్బను బట్టల తీగ మీద ఆరుతోంది. నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. వచ్చింది. నువ్వు ఉప్పు కట్టినందుకు కాదు, మీ అమ్మ మాట పడుతుంటే మూడు రోజులు ఊరుకున్నందుకు. కానీ నేను అడక్కుండానే, నాకు తెలిసిందని నీకు తెలియకుండానే చెప్పావు. ఆ ఉత్తరం నేను దాచుకుంటాను.

నన్ను కారు కిందికి పంపింది నువ్వేనని రాశావు. నేను దానికి ఒప్పుకోను. ఉప్పు కట్టిన చెయ్యే స్టెప్నీ పెట్టమని రాసింది. రెంటికీ వెనక ఉన్నది ఒకే భయం. నీ నోరు పడలేక పెట్టానని వెటకారంగా రాశాను. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

వరద నాడు కారు మీద కూర్చున్నప్పుడు నాకు భయం వేయలేదని మీ అందరికీ చెప్పాను కదా. వేసింది.

ఇక జరగాల్సింది. బేరింగ్ సగం వదిలింది. బ్రాకెట్ దక్కింది. పేతురు స్టాండ్లు తెచ్చి, విరిగిన ఇటుకలు చూసి తల పట్టుకున్నాడు. మిగిలింది తనే విప్పి, శనివారం కొత్త బేరింగ్ వేసి షాఫ్ట్ ఎక్కిస్తానన్నాడు. సోమవారం పరీక్షకి నేను నడపలేకపోతే పిల్లల్ని తనే దింపుతానన్నాడు. కానీ మీ అమ్మ కారు చుట్టూ బట్టలారేసే తాడు కట్టేసింది. ప్రియ వచ్చి చూసేదాకా ఎవరూ ఈ తాడు దాటడానికి వీల్లేదంది. పేతురు నవ్వాడు. తరవాత నవ్వలేదు.

ల్యాబ్ పరీక్ష మళ్ళీ పెట్టమని మీ సారుకి ఉత్తరం రాస్తాను. ఎడమ చేత్తో రాస్తే జాలిపడతారు.

నాన్న


తాడేపల్లిగూడెం,
మార్చి 11, బుధవారం

నాన్నగారికి,

నమస్కారం. ఈసారి ముందే.

మీ ఉత్తరం ఆఫీసు వరండాలో నిలబడి చదివాను. 'జానెడు' అన్న చోట ఆగి, నా చెయ్యి ఛాతీ మీద పెట్టి కొలిచి చూశాను. ప్రసాదరావు గారు కుర్చీ తెచ్చి వేశారు.

రెండో శనివారం పొద్దున్న మొదటి ప్యాసింజరుకి వస్తున్నాను. స్టాండ్లు నాలుగూ నేను చూస్తాను. నేల చూస్తాను. స్టెప్నీ అక్కడే ఉండాలి, పేతురు గారి మోచెయ్యి ఆడకపోయినా సరే. ఆయన కోసం కూడా ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

రిబ్బను పారెయ్యకండి. దాని ఒక కొన కారు అంచుకి, రెండో కొన నేలలో దిగేసిన మేకుకి బిగించి కడతాను. కారు వెంట్రుకవాసి కిందికి దిగినా రిబ్బను వదులవుతుంది. ఆయన కింద ఉన్నంతసేపూ నేను దాని పక్కన కూర్చుని, ఇంకెటూ చూడకుండా, దాన్నే చూస్తాను. వదులైతే అరుస్తాను. అరవడం నాకు వచ్చునని మీకు తెలుసు.

అమ్మకి నా ఉత్తరం వేరే రాయలేదు. ఎదురుగా నిలబడి చెప్పాల్సింది కాగితం మీద చెప్పడం న్యాయం కాదు. ఇవాళ పప్పులో ఉప్పు సరిపోయిందని మాత్రం చెప్పండి.

శనివారం దాకా ఆ తాడు దాటకండి నాన్నగారూ. దీనికి సమర్థనగా నా దగ్గర ఏ వాదనా లేదు.

మీ
ప్రియ